‘అపుర్ సంసార్’ చలనచిత్రమునందలి శోకస్వరూపము

దంపతులలో నొకరు గతించినప్పుడు మిగిలినవారికిఁ గలుగు దుఃఖమును లాక్షణికులు రెండు విధములుగా విభజించి చూపిరి. గతించినవారు మఱల లభింతురను నాశ యున్నచో నది విప్రలంభము. ఆ యాశ సమూలముగా నశించినచో నది కరుణము. భరతముని కరుణమును నిరపేక్షభావమనియు, విప్రలంభమును సాపేక్షభావమనియుఁ జెప్పుటలోని తాత్పర్య మిదియే. ధనంజయుఁడు దశరూపకమున నీ మేరను మఱింత స్పష్టపఱచి, ఇరువురిలో నొకరు మృతిచెందఁగా రెండవవారు విలపించుచో నది శోకమే యని నిర్ణయించెను. కాదంబరియందు పుండరీకుని మరణానంతరము ఆకాశవాణి వినఁబడువఱకు కరుణమనియు, అటుపిమ్మట శృంగారమనియు దశరూపకవ్యాఖ్యాతయైన ధనికుని మతము. విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున నట్టి సందర్భమునకుఁ గరుణవిప్రలంభమని వేఱొక పేరు పెట్టెను.

ఈ విభాగములన్నియు శోకముయొక్క పుట్టుకను జెప్పునవి. పుట్టిన శోకము శోకించువానిని తుదకు నెచ్చటికిఁ గొనిపోవునన్న ప్రశ్నకు శాస్త్రముకంటె కావ్యములే యెక్కువగా సమాధానము లిచ్చినవి. ఆ సమాధానములు ప్రధానముగా రెండు. మొదటిది పునస్సమాగమము: కుమారసంభవమున రతికి ఆకాశవాణి యభయ మిచ్చినది, ఉత్తరరామచరితమున భవభూతి సీతారాములను తుదకుఁ గలిపెను. రెండవది మరణము: రఘువంశమున నష్టమసర్గమునందు అజమహారాజు ఇందుమతిని గోల్పోయి, కొంతకాలమునకు గంగాసరయూసంగమమున దేహమును విడిచెను. అయినను, గతించినవారు తిరిగిరాక, మిగిలినవారు మరణింపక యుండుటయే లోకమున సర్వసాధారణము. అట్టి మూఁడవ మార్గమును ఆద్యంతము వివరించిన రచనలు అరుదు. వంగభాషలో 1959వ సంవత్సరమున వెలువడిన ‘అపుర్ సంసార్’ అను చలనచిత్రము అట్టివానిలో నెన్నఁదగినది. దానియందలి శోకము ఏయే భావములగుండ నడచి యెట్లు పరిణమించినదో లక్షణగ్రంథముల వెలుఁగులోఁ బరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

రచనావిశేషములు

‘అపుర్ సంసార్’ అనఁగా అపుయొక్క సంసారము. వంగభాషలో సంసారశబ్దమునకు గృహజీవితమనియు జగత్తనియు రెండర్థములు గలవు. తెలుఁగున నా శబ్దము భార్య యను నర్థమునఁ గూడ వాడుకలో నున్నది. ఈ మూఁడర్థములును కథకు సరిపడుటను ముందు చూడఁగలము. భార్యను గోల్పోయినవాఁడు గృహమును విడిచి, జగత్తునందు విరక్తుఁడై తిరుగుటయే యిందలి వృత్తాంతము.

ఈ చిత్రమునకు రచనయు దర్శకత్వమును సత్యజిత్ రాయ్ గారివి (1921–1992). విభూతిభూషణ వంద్యోపాధ్యాయులు (1894–1950) రచించిన ‘పథేర్ పాంచాలీ’, ‘అపరాజితో’ అను రెండు నవలల నాధారముగాఁ గొని రాయ్ గారు మూఁడు చిత్రములను దీసిరి. ‘పథేర్ పాంచాలీ’ 1955లోను, ‘అపరాజితో’ 1956లోను, మూఁడవదైన యీ చిత్రము 1959వ సంవత్సరము మే నెల 1వ తేదీనాఁడును వెలువడినవి. నాయకుఁడుగా నటించిన సౌమిత్ర చట్టోపాధ్యాయులకును, నాయికగా నటించిన శర్మిలా ఠాగూరునకును ఇదియే తొలి చిత్రము. సంగీతము రవిశంకర్ గారిది. ఛాయాగ్రహణము సుబ్రత మిత్ర గారిది. ఆ యేఁటి యుత్తమచిత్రముగా నిది రాష్ట్రపతి స్వర్ణపతకమును బడసెను.

1993లో లండనునగరమందలి యొక ప్రయోగశాలలో జరిగిన యగ్నిప్రమాదమున నీ మూఁడు చిత్రముల మూలప్రతులు మిక్కిలి చెడిపోయినవి. మిగిలిన భాగములను ఇతరప్రతులతో సంధించి 2015లో వానిని పునరుద్ధరించిరి. శిథిలమైన తాళపత్రములను ప్రత్యంతరములతో సరిచూచి పరిష్కరించువారికి ఈ శ్రమ యెట్టిదో వేఱుగఁ జెప్ప నక్కఱలేదు.

మూలరచయితనుగూర్చి యొక విషయ మిచట గమనింపఁదగును. విభూతిభూషణుల మొదటిభార్య గౌరీదేవి వివాహమైన స్వల్పకాలమునకే గతించినది. నవలయందలి వియోగఘట్టమునకు స్వానుభవము తోడైయుండుట సహజము.

వివాహము, దాంపత్యము

అపు పూర్వచిత్రములలో అక్క దుర్గను, తండ్రి హరిహరుని, తల్లి సర్వజయను వరుసగాఁ గోల్పోయినవాఁడు. ఈ చిత్రారంభమున నాతఁడు కలకత్తాలో రైలుమార్గమున కానుకొనియున్న యొక మేడపైగదిలో నద్దెకు వసించుచు, అద్దె బాకీపడి, ఉద్యోగమునకై తిరుగుచు, తన జీవితమునే పోలిన యొక నవలను వ్రాయుచుండును. పులు అను మిత్రుఁడు అతనిని ఖుల్నాప్రాంతమునఁ గల పల్లెలో జరుగనున్న తన బంధువులపిల్ల వివాహమునకుఁ దోడ్కొనిపోవును. వరుఁడు పల్లకి దిగునప్పటికి మతిలేనివాఁడని తేలును. తల్లి తన కూఁతు నట్టివాని కీయనని మొండిపట్టు పట్టును. లగ్నము మించినచో నా కన్యకు మఱల వివాహము కాదని యచటి యాచారము. అంతట పులుయు గ్రామస్థులును అపును బ్రార్థింతురు. ఇది నాటకములకాలమా యని యాతఁడు మొదట నిరాకరించి, పిదప నొడంబడి, అంతకుముందు చూచియెఱుఁగని యపర్ణకుఁ బతి యగును.

ఈ విధమగు ప్రారంభమున రతికిఁ దావు లేదు. పూర్వరాగము లేదు; గుణశ్రవణము లేదు; చిత్రదర్శనము లేదు. దయచేఁ జేసికొనిన వివాహము ప్రేమగాఁ బరిణమించుటను జూపుటకు దర్శకునికి మిగిలినది స్వల్పకాలము. ఆ కొలఁది కాలమునందే ప్రేక్షకుని మనస్సున దాంపత్యరతిని స్థాపింపనిచో, తరువాతి శోకమునకు బలము చాలదు. స్థాయి యెంత గాఢమో వియోగము నంతయే గాఢము గదా.

ఇందుకై రాయ్ గారు గృహోపకరణములను వాడిన తీరు ఆలంకారికులకు మిక్కిలి ప్రీతి గొలుపునది. అపర్ణ ధనికులయింటి బిడ్డ. కలకత్తాలోని గదిలో నడుగిడిన తొలినాఁడు, చినిఁగిన తెరయున్న కిటికీకడ నిలిచి కంటఁ దడిపెట్టును. ఆ చినుఁగులోనుండియే క్రింద నొక తల్లి తన పసిబిడ్డతో నాడుకొనుచుండుటను జూచి ఊఱడిల్లును. పేదఱికమును జూపిన చినుఁగే రానున్న మాతృత్వమునకు సూచకమైనది. మఱికొంతకాలమునకు నా కిటికీకే చక్కని తెర వ్రేలాడును. ఇల్లు చక్కఁబడినదన్న మాట యొకరు నోటఁ జెప్పకయే తెలియును. ఉదయమున గడియారము మ్రోఁగఁగానే లేచిన యపర్ణ, తన కొంగు భర్తవస్త్రముతో ముడిపడియుండుటను గమనించి ముడి విప్పుకొని పోవును. తరువాత నపు తలగడకడ నామె తలసూదిని గనుఁగొని చేతఁబట్టి చూచుచుండును. సిగరెట్టుపెట్టెను దెఱవఁగా, భోజనానంతర మొక్కటియే యన్న వాగ్దానమును జ్ఞప్తికిఁ దెచ్చు చీటి యందుండును.

ఇవి యన్నియు సంభోగశృంగారమునకు సూక్ష్మములైన యుద్దీపనములు. కరుణమునకుఁ గావలసిన యుద్దీపనములును ఇవియే. ఇష్టజనుల వస్త్రాభరణాదులను జూచుటచే శోకము ప్రజ్వరిల్లునని లాక్షణికు లందురు. కాని సాధారణముగాఁ గవులు మరణానంతరమే యట్టి వస్తువులను వర్ణింతురు. ఈ చిత్రమున నవి ముందుగనే ప్రేక్షకుని స్మృతిలో నాటఁబడును; మరణానంతరము వానిని మఱల నెత్తి చూప నవసరము లేకపోయినది.

మరణవార్త

అపర్ణ గర్భవతియై పుట్టినింటికిఁ బోవలసియుండఁగా, ఒకరాత్రి దంపతులు పౌరాణికచిత్రమును జూచి గుఱ్ఱపుబండిలో నింటికి వచ్చుచుందురు. అపు ఆమె వెలిగించిన యగ్గిపుల్ల వెలుఁగులో నామె ముఖమును జూచి, నీ కన్నులలో నేమున్నదని యడుగును. కాటుక యని యామె ప్రత్యుత్తరము. కజ్జలశబ్దమునకు వంగభాషారూపము ‘కాజల్’. ఆమె కనఁబోవు శిశువునకుఁ గలుగనున్న పేరును అదియే. ఆ క్షణమున విన్నవారికి ఇది ప్రణయసంభాషణము మాత్రమే. కథ ముగిసిన పిదపఁ దలఁచుకొన్నవారికి మాత్రము, తల్లి కన్నులయందలి వస్తువే బిడ్డ పేరై నిలిచినదని తోఁచును. శబ్దమొక్కటియే, అర్థము కాలమునుబట్టి పెరుఁగుచున్నది. ధ్వనికి ఇంతకంటె సులభమైన యుదాహరణము దొరకుట కష్టము.

పుట్టినింటినుండి యపర్ణ వ్రాసిన యుత్తరమును అపు కచేరిలోను, ట్రాములోను, దారిలోను విడివిడిగాఁ జదువుకొనుచు నిల్లు చేరును. గదికడ నామె సోదరుఁడు వేచియుండును. ప్రసవమున నామె గతించినదను వార్త యాతని నోట వచ్చుటయే తడవుగా, అపు ఆ బాలుని చెంపపైఁ గొట్టును.

నాటకమున మరణమును బ్రత్యక్షముగాఁ బ్రదర్శింపరాదని లాక్షణికుల శాసనము. చలనచిత్రమునకు నట్టి నిషేధము లేకున్నను, రాయ్ గారు అపర్ణమరణమును జూపలేదు, శవమును జూపలేదు, చితిని జూపలేదు. ప్రేక్షకుఁడును అపువలెనే దూరమున నుండి వినుటయే కాని చూచుట లేదు. పూర్వచిత్రములలో దుర్గ మరణము, హరిహరుని మరణము చూపఁబడినవి. అట్టి దర్శకుఁ డిచట మౌనము వహించుట యుద్దేశపూర్వకమే. కన్నులారఁ జూడని మరణమును మనస్సు సులభముగా నంగీకరింపదు. అపు తరువాత నైదేండ్లు సంచరించుటకు బీజ మిచటనే యున్నది.

అనుభావములు

భరతముని కరుణమునకు అశ్రుపాతము, పరిదేవనము, ముఖశోషణము, వైవర్ణ్యము, గాత్రములు సడలుట, నిట్టూర్పు, స్మృతిలోపము మొదలగు ననుభావములను జెప్పెను. వీనిలోఁ బరిదేవనము, అనఁగా నోరెత్తి విలపించుట, కావ్యములలోఁ బ్రధానస్థాన మాక్రమించినది. రతివిలాపము, అజవిలాపము అను పేళ్లే యిందుకు సాక్ష్యము. ‘అపుర్ సంసార్’లో విలాపమే లేదు. గదిలో పండుకొనియుండుట, గడ్డము పెరుఁగుట, పొరుగుస్త్రీ యోదార్చుచున్నను బలుకకుండుట, అద్దమునఁ దన ముఖమును జూచుకొనుట - ఇంతియే. శోకము ఉత్తమమధ్యమప్రకృతులయందు ధైర్యముతోను, అధమప్రకృతులయందు రోదనముతోను వెల్లడియగునని భరతుఁడే చెప్పియుండుటచే, నీ మౌనము శాస్త్రవిరుద్ధము కాదు. భవభూతి రాముని శోకమును పుటపాకముతోఁ బోల్చుటయు నీ నిగూఢతను జెప్పుటకే.

ఈ ఘట్టమున గడియారపు టిక్కుటిక్కు ధ్వని గదియంతయు నిండియుండి, ఉన్నట్టుండి నిలిచిపోవును. దాంపత్యసుఖమున నుదయమునందు నిద్ర లేపిన గడియారమే యిది. ధ్వని యుండఁగా దానిని అపు గమనింపఁడు. ఆఁగినప్పుడు తల యెత్తును. జీవితమునఁ గలసియున్నవారి యునికి తెలియక, లేమి తెలియుట యెట్టిదో యిచట నొక్కమాటయైనఁ జెప్పకయే చెప్పఁబడినది.

పిమ్మట నపు రైలుపట్టాలకడ నిలుచును. రైలు సమీపించును. ఆర్తనాదము వినవచ్చును. కాని చక్రములక్రింద నలిగినది అపు కాఁడు, ఒక పంది. మొదటిచిత్రమునఁ దెల్లని రెల్లుపూలమధ్య అక్కాతమ్ములు పరుగిడి చూచిన రైలు బాల్యాద్భుతమునకు గుఱుతు. రెండవచిత్రమునఁ దల్లి యెదురుచూపునకు గుఱుతు. మూఁడవదాన మృత్యువునకు గుఱుతైనది. మరణమును గోరి వచ్చినవానికిఁ గనఁబడినది మరణముయొక్క జుగుప్స. అంతటితో నాత్మహత్యాప్రయత్నము కట్టువడినది. అజునివలె దేహమును విడుచు మార్గ మిచట మూసికొనిపోయినది.

క్రోధమునకుఁ దావెక్కడ?

మరణవార్తను దెచ్చిన బాలుని గొట్టుట ప్రేక్షకులను దిగ్భ్రమగొలుపు ఘట్టము. శోకము స్థాయియై యుండఁగా క్రోధము పుట్టుట యెట్లు? భరతుఁడు కరుణమునకుఁ జెప్పిన వ్యభిచారిభావములలో నిర్వేదము, గ్లాని, చింత, ఔత్సుక్యము, ఆవేగము, మోహము, విషాదము, దైన్యము, జడత, ఉన్మాదము మొదలగునవి గలవు. అమర్షము గాని, ఉగ్రత గాని లేదు. కాని కవులు దీని నెఱుఁగనివారు కారు. అరణ్యకాండమున సీతను గానక రాముఁడు లోకములనే నాశనము చేసెదనని కోపించుటయు, లక్ష్మణుఁ డాతనిని శాంతింపఁజేయుటయు సుప్రసిద్ధములు. అది యాశతోఁ గూడిన వియోగముగనుక విప్రలంభమున కంగమనవచ్చును. అపు కోపము నిరాశమైన శోకమునకే యంగము.

ఈ కోపము ఒక్క క్షణమున ముగిసినచో నావేగమని చెప్పి విడువవచ్చును. కాని యది యైదేండ్లు నిలిచినది. వార్త తెచ్చినవానినుండి, మరణమునకుఁ గారణమైనవానిపైకి, అనఁగాఁ బుట్టిన శిశువుపైకి, మరలినది. పులు తుదకు అపును దూరమునఁ గల యొక బొగ్గుగనియందుఁ గనుఁగొని కుమారునిమాట యెత్తఁగా, కాజల్ ఉండుటచేతనే యపర్ణ లేదను విషయమును మఱవఁజాలనని యాతఁడు చెప్పును. పుట్టుచునే తల్లిని బొట్టను బెట్టుకొన్నాఁడను మాట తెలుఁగుపల్లెలలోను వినవచ్చునది. లోకమున నింత సామాన్యమైన యీ భావమును లక్షణగ్రంథములు పేరుపెట్టి చెప్పలేదు. శోకించువాఁడు మృతులనుగూర్చి దుఃఖించుటతోఁబాటు, జీవించియున్నవారిపై ద్వేషము వహింపవచ్చుననియు, ఆ ద్వేషము తనకే తెలియకుండ శోకముయొక్క వేషమున దాఁగియుండుననియు నీ చిత్రము నిరూపించుచున్నది. దీని ప్రధానవిషయ మిదియే యనవచ్చును.

నిర్వేదము

ఆత్మహత్య తప్పిన పిదప నపు కలకత్తాను విడిచి సముద్రతీరమునను, అరణ్యమునను, పర్వతములయందును దిరుగును. ఒక ప్రాతఃకాలమునఁ గొండపై నిలిచి, సంవత్సరములతరబడి వ్రాసిన నవలాపత్రములను లోయలోనికి విడుచును. సూర్యోదయము, ఎగిరిపడు కాగితములు, గడ్డము పెరిఁగిన ముఖము - వీనిని జూచినవారికి శాంతరస ముదయించుచున్నదని భ్రమ కలుగుట సహజము.

ఇచట నాలంకారికుల సూక్ష్మవివేచనము మిక్కిలి యుపయోగపడును. నిర్వేదము పలుకారణములచేఁ గలుగును. ఇష్టజనవియోగమును, తత్త్వజ్ఞానమును ఆ కారణములలోఁ జేరినవే. తత్త్వజ్ఞానమువలనఁ గలిగిన నిర్వేదమే శాంతమునకు స్థాయి. తక్కినవి వ్యభిచారులు మాత్రమే. అపు నిర్వేదము రెండవజాతిది. దానికి నిదర్శనము, అతఁడు తన రచనను విడిచెనే కాని తన కోపమును విడువలేదు. సర్వసమత్వము శాంతమునకు లక్షణముకాఁగా, కన్నకొడుకును ఒక్కమాఱైనఁ జూడనొల్లనివాని సమత్వ మెట్టిది? వైరాగ్యముగాఁ గనఁబడినది నిజమునకుఁ బలాయనము. దర్శకుఁడు ఈ తీర్పును మాటలలోఁ జెప్పలేదు. పర్వతదృశ్యమునకుఁ బిమ్మటనే, మాతామహునింట నడుగువారు లేక పెరుఁగుచున్న కాజల్‌ను జూపెను. ముఖమునకు బొమ్మముసుఁగు తగిలించుకొని, ఉండేలుతోఁ బక్షిని గొట్టి తిరుగు నా పసివాఁడే తండ్రి వైరాగ్యమునకు వ్యాఖ్యానము.

అజుఁడును అపుయును

రఘువంశముతోఁ బోల్చి చూచినచో నీ విషయము మఱింత స్పష్టమగును. అజవిలాపము ఆంధ్రదేశమునఁ గావ్యపాఠము చెప్పుకొను ప్రతివారికిని బరిచితమే. తెలుఁగువాఁడైన కోలాచల మల్లినాథసూరి సంజీవనీవ్యాఖ్యతో దానిని జదువని పండితుఁ డుండఁడు. దాని తుదిభాగము మాత్రము విలాపమంతటి ప్రసిద్ధి నొందలేదు. వసిష్ఠమహర్షి శిష్యునిద్వారాఁ బంపిన యుపదేశము అజుని హృదయమున నిలువదు. అయినను కుమారుఁడైన దశరథుఁడు బాలుఁడగుటచేత నాతఁ డెనిమిది సంవత్సరములు ఎట్లో గడపును. ప్రియురాలిని బోలిన రూపములను, చిత్రములను జూచియు, కలలలోఁ గలసికొనియు నా కాలమును బుచ్చును. కుమారుఁడు సమర్థుఁడైన పిదపనే దేహమును విడుచును.

అజునకును అపునకును ఆధార మొక్కటియే: మృతురాలు కన్న కుమారుఁడు. అజుఁడు ఆ కుమారునికై యెనిమిదేండ్లు జీవించెను. అపు ఆ కుమారుని విడిచి యైదేండ్లు తిరిగెను. అజునకుఁ బోలికలను జూచుట యూఱట. అపునకుఁ బోలిక భయంకరము. అజుఁడు కర్తవ్యముతో నారంభించి మరణముతో ముగించెను. అపు మరణాభిలాషతో నారంభించి కర్తవ్యముతో ముగించెను. కాళిదాసునకుఁ గుమారుఁడు మరణమునకు విలంబము మాత్రమే. రాయ్ గారికిఁ గుమారుఁడే జీవనహేతువు.

వంగనవలయందు ముగింపు వేఱు. అందు అపు నవల ముద్రితమగును. తుద నాతఁడు కాజల్‌ను తన బాల్యగ్రామమైన నిశ్చిందిపురమునఁ జిన్ననాఁటి స్నేహితురాలి సంరక్షణమున నుంచి దేశాంతరము పోవును. ప్రధానరసమునకు ననుకూలముగా మూలకథను మార్చుకొనవచ్చునని లాక్షణికు లనుజ్ఞ యిచ్చిరి. నవలకుఁ దరతరములయందు సాగు జీవప్రవాహము ప్రధానముగాన నా ముగింపు తగినది; చిత్రమునకు శోకపరిణామము ప్రధానముగాన నీ ముగింపు తగినది.

కాజల్

పులు మాటలచే బాధితుఁడై అపు అత్తవారింటికి వచ్చును. నిదురించుచున్న కుమారుని మొట్టమొదటిసారి చూచును. మేల్కొన్న బాలుఁడు ఈ గడ్డపుమనిషిని దండ్రిగా నంగీకరింపఁడు. తన తండ్రి కలకత్తాలో నున్నాఁడని వాని నమ్మకము. తెచ్చిన యాటరైలును ద్రోసివేయును. అపుపై ఱాయి విసరును. మాతామహుఁడు కోపించి కొట్టుటకుఁ గఱ్ఱ యెత్తఁగా, అపు ఆ కఱ్ఱను బట్టుకొనును.

ఈ చేష్ట కథలో రెండవ హస్తచేష్ట. మొదటిది మరణవార్త వినఁగానే చెంపపైఁ గొట్టిన చేయి. రెండవది దెబ్బ నాఁపిన చేయి. మొదట కొట్టినది నిరపరాధియైన బాలునినే; ఇప్పుడు కాచినది తన్ను ఱాతితోఁ గొట్టిన బాలుని. శోకములోని క్రోధాంశము తొలఁగిన దనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

అపు ఓడిపోయినవాఁడై వెడలును. బాలుఁడు దూరదూరముగా వెంబడించును. నాతో వత్తువా యని అపు యడుగును. తండ్రియొద్దకుఁ గొనిపోదువా యని బాలుఁడు, పోదునని అపు. నీ వెవరవని బాలుఁడు; నీ మిత్రుఁడనని అపు. బాలుఁడు పరుగెత్తుకొనివచ్చి వాని నంటుకొనఁగా, అపు వానిని భుజములపై నెక్కించుకొని సాగిపోవును. మాతామహుఁడు దూరమునుండి చూచుచుండును.

‘మిత్రుఁడ’నను మాట కథకంతకును గీలకము. పుట్టుకచే వచ్చిన పితృత్వమును అపు ఐదేండ్లు త్రోసివైచెను. కాఁబట్టి ఇప్పుడు దానిని హక్కుగా నడుగఁజాలఁడు. బాలుని విశ్వాసమును సంపాదించుకొనుట యొక్కటియే మార్గము. అపర్ణతోడి వివాహమును ఇట్లే గదా: ముందు సంబంధము, పిదపఁ బ్రేమ. ఇచటను ముందు మైత్రి, పిదపఁ బితృత్వము. విశ్వనాథుఁడు వత్సలమును బదవరసముగాఁ బరిగణించెను. ఆ వత్సలము కరుణగర్భమునుండి పుట్టుట నీ చిత్రమునఁ గన్నులారఁ జూడవచ్చును.

ఆక్షేపసమాధానములు

తుద సుఖాంతమైనందున నిది కరుణరసప్రధానము కాదని కొంద రాక్షేపింపవచ్చును. కాని యపర్ణ తిరిగిరాలేదు. వచ్చునను నాశయు నెచటను జూపఁబడలేదు. ఉత్తరరామచరితమున శోకకారణమే తొలఁగును. ఇచట శోకకారణము తొలఁగక, శోకించువాఁడు మాఱును. కనుక నిరపేక్షభావము తుదివఱకును జెడలేదు.

రెండవ యాక్షేపము బలవత్తరమైనది. లగ్నము తప్పరాదను భయముచే నపరిచితునికిఁ గట్టఁబడి, ప్రసవమున మరణించిన యపర్ణ కథ సగమే చెప్పఁబడినది. శోకమంతయు భర్తదిగాఁ గనఁబడును. కూఁతును గోల్పోయినవారి దుఃఖము సూచనామాత్రమే. ఇది కొంతవఱకు నిజము. అయినను చివరిదృశ్యమున దూరమున నిలిచిన మాతామహుని ముఖము దీనికిఁ గొంత సమాధానము. అతఁడు కూఁతును గోల్పోయియుఁ బారిపోలేదు. ఐదేండ్లు మనుమనిఁ బెంచెను. అపు నేఁడు నేర్చినదానిని ఆ వృద్ధుఁడు మొదటిదినముననే చేయవలసివచ్చినది. ఇప్పుడు వాఁడును వెడలిపోవుచుండఁగా, చూచుచు నిలుచుట యాతని వంతైనది.

ఉపసంహారము

తెలుఁగున విశ్వనాథ సత్యనారాయణగారి ‘వరలక్ష్మీ త్రిశతి’వంటి రచనలవలన మృతకళత్రశోకము స్మృతికావ్యవస్తువుగా నాధునికసాహిత్యమునఁ బ్రతిష్ఠ నొందినది. స్మృతికావ్యము గతించినవారివైపు తిరిగి నిలుచును. ‘అపుర్ సంసార్’ మిగిలినవారివైపు తిరుగును. ఈ రెండును గలిసినఁగాని శోకస్వరూపము పూర్ణముగాఁ దెలియదు.

అష్టమసర్గమును బోధించు పండితులు విలాపశ్లోకములతోఁ బాఠమును ముగింపక, అజుఁడు గడపిన యెనిమిది సంవత్సరములపై విద్యార్థుల దృష్టిని నిలిపినచో, కాళిదాసు నొక్క శ్లోకమున నిమిడ్చి చెప్పినదానిని రాయ్ గారు మూఁడవవంతు చిత్రమున విస్తరించిరని తెలియఁగలదు. శోకమునకు ఓదార్పుమాటలు చాలవని వసిష్ఠుని యుపదేశము వ్యర్థమగుటచేఁ గాళిదాసును, పొరుగువారి మాటలు వ్యర్థములగుటచే రాయ్ గారును జూపిరి. శోకార్తునకు వలసినది మఱపు కాదు. తనకంటె బలహీనుఁడగు నొకని భారము. ఆ భారమును భుజములపై నెత్తుకొన్నవానికే నడక సాగును.